జనరల్ కోటు లోపలివైపు

మావాడు ఆదివారం మధ్యాహ్నం క్యాంపుకు తిరిగి వెళ్ళేముందు యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటాడు. సింగపూర్ సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాట్ హాలు ఎంతని? ఇస్త్రీ బల్ల వేస్తే సోఫాకూ టీవీకీ మధ్య మనిషి పట్టడు. మొన్నటిదాకా తాగిన గ్లాసు సింకులో పెట్టడానికి బద్ధకించిన పిల్లవాడు, నేషనల్ సర్వీసు పేరిట సైన్యంలో చేరి మూడు నెలలు కాకముందే చొక్కా చేతుల మీద ఒక్క గీత కోసం కుస్తీ పడుతున్నాడు. పోయిన ఆదివారం గంజి స్ప్రే కొట్టి, ఆ దళసరి బట్ట మీద పెట్టె ఆనించగానే అన్నం వార్చినట్టు, దాని వెనకే కాస్త మాడినట్టు ఒక వాసన లేచింది. వంటింట్లో బీన్స్ తరుగుతున్నదాన్ని కత్తి కింద పెట్టేశాను. పాతికేళ్ళ కిందట బిషాన్‌లో ఒక ఇంట్లో రోజూ తెల్లవారి నన్ను నిద్రలేపిన వాసన అది. ఆ ఇంటాయన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ప్రేమ కంటే ముందు కోపమే వస్తుంది.

నేను కడప పిల్లను. వైటూకే గండం గడిచి, ప్రపంచం మునగలేదని తేలాక కూడా కంప్యూటర్ వచ్చినవాళ్ళకు విమానం టికెట్లు దొరుకుతూనే ఉన్న రోజుల్లో సింగపూర్ వచ్చాను. తెలుగు పెద్దవాళ్ళ ఇల్లు, ఆడపిల్లకు భద్రం అని ఎవరో బిషాన్‌లో గది చూపించారు. తలుపు తీసినాయనకు డెబ్బై దగ్గర ఉంటాయి. మనిషి నిట్రాడలా నిటారుగా ఉన్నాడు. ఒంటి మీద బనీనుకు కూడా ఇస్త్రీ గీత ఉంది. "పేరేటమ్మా? ఏ ఊరు? మకాన్ ఐందా?" అని ఒక్క గుక్కలో అడిగారు. మకాన్ అంటే మలయ్‌లో భోజనమట. అయిందని అబద్ధం చెప్పాను. నా ముఖం చూసి ఆంటీ, అంటే ఆయన భార్య, అప్పటికే పళ్ళెం పెట్టేసింది. అలా కనకారావు అంకుల్ ఇంట్లో చేరాను. ఆయన నాన్న ఇచ్ఛాపురం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు కూలిగా వచ్చినవాడు. అంకుల్ పుట్టింది ఆ తోటలోనే. శ్రీకాకుళం ఎలా ఉంటుందో చూడను కూడా లేదు కానీ నాలుక మాత్రం ఆ జిల్లా దాటి రాలేదు.

మొదటి సోమవారమే నన్ను గుమ్మం దగ్గర ఆపేశారు. "ఏటమ్మా, ఆఫీసుకి అలాగే ఎల్తావా? ఆ కాలరేటి, కుక్క నవిలినట్టుంది?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన అదేమీ పట్టించుకోకుండా ఇస్త్రీ బల్ల వేసి పాఠం మొదలుపెట్టారు. "బట్టని సూసి బెదిరిపోకు. ముందు కాలరు, ఆనక భుజాలు, ఆనక సేతులు. వీపు ముందు సేసేసావనుకో, సివరికి అదే నలుగుద్ది." ఆ రోజు నుంచి రెండేళ్ళు ప్రతి ఉదయం నాకు తనిఖీ. బ్యాగు ఏ భుజానికి వేసుకున్నాను, చెప్పులు తుడిచానా, గడ్డం పైకి ఉందా లేదా. "నువ్వు నోరిప్పేలోగా నీ బట్టలు మాటాడేస్తాయమ్మా" అనేవారు. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే అరచేతులు తడిసిపోయే పిల్లను, ఆరు నెలలకల్లా మీటింగుల్లో కుర్చీకి ఆనుకోకుండా కూర్చుని ఎదుటివాడి కళ్ళలోకి చూసి మాట్లాడేదాన్నయ్యాను. ఆ గుణం ఏ కాలేజీ ఇచ్చింది కాదు. ఇది ముందే ఒప్పుకుని తక్కినది చెబుతాను.

ఇంత క్రమశిక్షణ ఎక్కడిదంటే, జనరల్ దగ్గరిది. సింగపూర్‌లో ఇంకా బ్రిటిష్ సైన్యం ఉన్న రోజుల్లో అంకుల్ ఒక జనరల్ గారి బంగ్లాలో పనిచేశారు. వంటవాడు వేరే, తోటమాలి వేరే. ఈయన యూనిఫారాల మనిషి. ఆ జనరల్ పేరు నేను ఇక్కడ రాయను. ఆయన పేరు రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనొకదాన్ని కొత్తగా రాయకపోతే కొంప మునగదు. సాయంత్రం టీ దగ్గర ఆ దొర మాట రాని రోజు లేదు. మాట రాగానే అంకుల్ కుర్చీలో కూర్చున్న చోటే కాళ్ళు రెండూ దగ్గరికి చేర్చేవారు. "సూడు పాపా, ఆడెవడో ఇంగిలీసోడి పేరెత్తితే సాలు, ఈయన మడమలు అతుక్కుపోతాయి" అని ఆంటీ వెక్కిరించేది. వెక్కిరింతే అనుకుని నేను నవ్వేదాన్ని.

సైన్యంలో పెద్దవాళ్ళ కోటు మీద, ఎడమ రొమ్మున, వేలి వెడల్పు రంగుల పట్టీలు వరసగా ఉంటాయి. ఒక్కో పట్టీ ఒక్కో పతకానికి గుర్తు. సింగపూర్ ఉక్కకు కోటు వెంటవెంటనే ఉతకాల్సి వచ్చేదట. ఉతికే ముందు పట్టీలు విప్పాలి, ఆరాక మళ్ళీ కుట్టాలి. దారం పైకి కనబడితే దొరకు నచ్చదు కాబట్టి అంకుల్ కోటును తిరగేసి ఒళ్ళో పెట్టుకుని, లోపలివైపు నుంచి కుట్టేవారు. పదకొండేళ్ళు అదే పని. ఆయనకు ఇంగ్లీషు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. జనరల్ జీవితమంతా ఆయన వేళ్ళకే తెలుసు. కళ్ళు మూసుకుని మోకాలి మీద వేళ్ళు ఒక్కొక్కటే జరుపుతూ చెప్పేవారు. "ఇది ఊదా, మజ్జెన పచ్చ. మలయా అడివి. దీని పక్కన ఎరుపు, నీలం, నారింజ. బర్మా. ఆ పక్కది ఇసక రంగు. ఎడారి. ఆ పక్కన సరిహద్దు కొండలు, గుర్రం మీంచి పడి ఎడం మోకాలు పోయిందక్కడే, అందుకే దొర పంట్లాం ఎడం కాలు అరంగుళం పొట్టి. ఆ పక్కన తెలుపు మజ్జెన ఊదా, అది కుర్రప్పుడు ధైర్యానికిచ్చినారు. సివరిది అన్నిట్లోకీ పెద్దది, ఎరుపు." అలా ఒక మనిషి బతుకును గుడిలో స్తోత్రంలా అప్పజెప్పేవారు.

అంత చేసినవాడు ఉద్యోగం ఎందుకు మానేశారని ఒకసారి అడిగాను. "మానలేదమ్మా, తీసేసినారు. పెద్ద పెరేడ్ రోజున నేను ఒక పట్టీ ఎక్కువ కుట్టేసినాను. దొరకింకా రాని గౌరవం అది. లండన్ నుంచొచ్చిన పెద్దాయన కంట్లో పడింది. రానిది పెట్టుకోవడమంటే సైన్యంలో దొంగతనం కిందే లెక్క. దొర పరువు పోయేది. తప్పు నాదే." అప్పుడు వంటింట్లో ఆంటీ మూత దభీమని పెట్టింది. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు సెరంగూన్ రోడ్డులో ఒక లాండ్రీలో ఊళ్ళోవాళ్ళ బట్టలు ఇస్త్రీ చేశారు అంకుల్.

అప్పట్లో మా కంప్యూటర్ జనానికి వెబ్‌సైట్ల పిచ్చి. పెళ్ళికొకటి, పెంపుడు కుక్కకొకటి. మన అంకుల్ జనరల్‌కు మాత్రం ఎందుకు ఉండకూడదు అనిపించింది. ఆయనకు చెబితే లోపలికి వెళ్ళి కొత్త చొక్కా తొడుక్కుని వచ్చి కూర్చున్నారు. మూడు శనివారాలు ఆయన చెప్పడం, నేను ఇంగ్లీషులో కొట్టడం. పుట్టిన ఊరు, చేరిన రెజిమెంటు, అడవి, ఎడారి, పొట్టి పంట్లాం కాలు, పట్టీలన్నీ ఆయన చెప్పిన వరసలోనే ఒకటి నుంచి ఆరు వరకు. అంతా అయ్యాక గొంతు తగ్గించి అడిగారు. "నా పేరు ఎయ్యొచ్చా అమ్మా? అడుగున. సిన్నగా." వేశాను. వివరాలు చెప్పినవారు: బమ్మిడి కనకారావు, జనరల్ గారి యూనిఫారాల మనిషి. ఆ కాగితం ప్రింటు తీసి ఇస్తే తన పేరున్న చోటు వేలితో వెతుక్కున్నారు. ఐసీ అనే గుర్తింపు కార్డు మీద తప్ప తన పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలట. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దేవుడి పటాల పక్కన నిలబెట్టారు. "దొర ఇంకా ఉన్నాడు. తొంభై ఉంటాయి. ఆయనకి సూపించమ్మా" అన్నారు. ఆ రెజిమెంటు పాత సైనికుల సంఘం ఒకటి ఇంగ్లండులో ఉందని వెతికి, పేజీ చిరునామా మెయిల్ చేశాను. ఆ రోజు నుంచి నేను ఆఫీసు నుంచి రాగానే మొదటి ప్రశ్న మకాన్ గురించి కాదు. "దొర రాసినాడా?"

నెలలు గడిచాయి, దొర రాయలేదు. ఆలోగా మా ఆఫీసులో నా పెరేడ్ వచ్చింది. ఒక రవాణా కంపెనీకి మేం కొత్త సిస్టమ్ పెడుతున్నాం. పరీక్షలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఆగుదామని నేను అంటే, క్లయింటుకు మాటిచ్చాను, ఎక్కించెయ్ అన్నాడు మా మేనేజర్. ఎక్కించాను. సోమవారం పొద్దున్నే అది చచ్చి ఊరుకుంది, మధ్యాహ్నం దాకా వాళ్ళ లారీలు గేటు దాటలేదు. ఏం జరిగిందో రిపోర్టు రాయాలి. అందులో కారణం అన్న చోట నా పేరుంది, అనుమతి లేకుండా చేసినట్టు. మేనేజర్ హైదరాబాదువాడు, తియ్యగా మాట్లాడతాడు. "రన్ చేసింది నువ్వే కదా, సంతకం పెట్టేయ్. జస్ట్ ఫార్మాలిటీ. నేనున్నా కదా, చూస్కుంటా."

రెండు రోజులు సంతకం పెట్టలేదు. ఇంటికి వచ్చి అంకుల్‌ను అడిగాను. ఆయన్ని కాక ఇంకెవరిని అడుగుతాను? ఆయన తొందరపడకుండా ఆలోచించి, "పెట్టెయ్యమ్మా. పైవోడి పరువు కాసినోడు సెడిపోడు. ఆయన మనసులో ఉండిపోద్ది" అన్నారు. ఆంటీ గరిటెతో సహా హాల్లోకి వచ్చింది. "పిల్ల గొంతు కొయ్యకయ్యా!" అంది. "నువ్వూరుకో" అన్నారాయన, ఎప్పుడూ లేనంత గట్టిగా. మర్నాడు సంతకం పెట్టాను. నా చెయ్యి ఎవరూ విరవలేదు. ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు మింగుడుపడనిది అదే.

ఏడాది తిరక్కుండానే డాట్‌కామ్ బుడగ పగిలింది. మనుషుల్ని తీసెయ్యడానికి లిస్టు తయారైతే మొదటి వరసలో నేనున్నాను. ఎందుకని అడిగితే ఆ రిపోర్టు తీసి బల్ల మీద పెట్టారు. చూస్కుంటా అన్నవాడు అదే గదిలో కూర్చుని వాటర్ బాటిల్ మూత చూసుకుంటున్నాడు. ఉద్యోగం లేకపోతే పాస్ లేదు, పాస్ లేకపోతే కొన్ని వారాల్లో దేశం విడవాలి. కడపలో నాన్న నా ఉద్యోగం గురించి ఎంతమందికి గొప్పలు చెప్పుకున్నాడో నాకే తెలుసు.

మధ్యాహ్నం రెండింటికి ఇంటికి వెళ్ళాను. అంకుల్ నా చొక్కానే ఇస్త్రీ చేస్తున్నారు. "మీ మాట విని సంతకం పెట్టాను. తీసేశారు" అన్నాను. ఆయన పెట్టెను నిలబెట్టి, స్విచ్చి కట్టేసి, "తప్పు నాదేనమ్మా" అన్నారు. ఆ మాట వినగానే నాలో ఏదో తెగిపోయింది. "మీరు నిజంగానే తప్పు కుట్టారు, మీ ఉద్యోగం పోయింది. నేనేం తప్పు చేశాను అంకుల్? మీ శిక్ష నాకెందుకు అంటించారు?" అన్నాను. అంతకంటే ఘోరంగానే అన్నాను, అవన్నీ రాయలేను. ఆయన తల వంచుకుని నిలబడ్డారు. ఆంటీ ఊరుకోలేదు.

"ఏ తప్పూ సెయ్యలేదు పాపా ఆయన! ఆ పట్టీ దొరే తెచ్చి ఇచ్చినాడు, నా కళ్ళెదురుగా. రేపో మాపో వచ్చేస్తాది, కుట్టెయ్ అన్నాడు. ఆ పెద్దాయన అడిగితే నలుగుర్లో, నా మనిషి పొరపాటు అన్నాడు. ఈ మారాజు అవును దొరా అన్నాడు. నాకప్పుడు ఎనిమిదో నెల. వారంలో క్వార్టర్సు కాళీ. సెరంగూన్ రోడ్డులో ఎవరిదో మేడ మెట్ల కింద కన్నాను మా పెద్దదాన్ని. ఒక్కనాడు, ఒక్క కబురు పంపినాడా దొర?"

నేను అంకుల్ వైపు చూశాను, కాదంటారేమోనని. "ఊరుకోవే. నేనొప్పుకున్నాను. ఒప్పుకున్నాక అది నా తప్పే" అన్నారు. దాన్ని నీతి అనాలో, బానిసతనం అనాలో నాకు ఆ రోజు తెలియలేదు. ఈ రోజుకీ తెలియదు.

రెండు వారాల తరవాత ఇంగ్లండు నుంచి జవాబు వచ్చింది. రాసింది జనరల్ కాదు, ఆయన తరఫున ఆయన మేనల్లుడు. అంకుల్ కొత్త చొక్కా తొడుక్కుని వచ్చారు. నేను ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. పేజీ తయారు చేసిన శ్రమకు కృతజ్ఞతలు. గౌరవాల పట్టీల వరస మొత్తం తలకిందులుగా ఉంది, మొదటిది చివర, చివరిది మొదట, సరిచేయగలరు. ఇక అడుగున ఉన్న పేరు జనరల్‌కు గుర్తు లేదు. యూనిఫారం విషయంలో మోసం చేసి పనిలోంచి తొలగింపబడ్డ ఒక పనివాడు మాత్రం గుర్తున్నాడు. ఇతను అతనే అయితే, ఆ పేరు తన పేరు కింద ఉండటం జనరల్‌కు సమ్మతం కాదు, తొలగించగలరు.

నేను దాన్ని మెత్తగా చెప్పి ఉండవచ్చు. అసలు చెప్పకుండానే ఉండవచ్చు. కావాలనే చెప్పాను. నేను తిన్న దెబ్బ ఆయన కూడా ఒకసారి తినాలని, ఆ మడమలు ఒకసారి విడిపోవాలని కోరుకున్నాను. ఆయన ముఖం మెల్లగా విప్పారింది. "అయితే గుర్తున్నానన్నమాట" అన్నారు ఆంటీ వైపు తిరిగి. "సూసావా? నలభై ఏళ్ళైనా మరిసిపోలేదు." ఆంటీ లేచి వెళ్ళి బాత్రూములో కుళాయి తిప్పి వదిలేసింది. అంత నీళ్ళ చప్పుడులోనూ ఏడుపు వినబడుతూనే ఉంది.

"తీసెయ్యమ్మా" అన్నారాయన. "అంకుల్, నిజం రాద్దాం. నేను రాస్తాను, మీరు చెప్పండి చాలు" అన్నాను. అప్పటికి నా కోపం దిశ మారింది, కానీ ఆలస్యమైంది. "దొర అడిగినాడు కదా. తీసెయ్." ఆయన ఎదురుగానే ఆ వాక్యం చెరిపేశాను. "పోయిందా?" అన్నారు. "పోయింది" అన్నాను. దేవుడి పటాల పక్కనుంచి కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. కాసేపటికి మోకాలి మీద వేళ్ళు జరుపుకుంటూ, "వరస సరిగ్గానే ఉందే, రోజూ కుట్టిందే కదా" అని తనలో తానే గొణుక్కున్నారు. నాకు అప్పుడు తట్టింది. కోటును ఆయన తిరగేసి పట్టుకునేవారు, లోపలివైపు నుంచి చూస్తే మొదటిది చివరికి పోతుంది. లోకమంతా ఆ జనరల్‌ను ముందునుంచి చూసింది, ఈయన ఒక్కరే వెనకనుంచి చూశారు. ఆయనకు అది చెప్పలేదు. "అయినా దొర సెప్పిందే రైటు, మార్చెయ్" అన్నారు. మార్చేశానని చెప్పాను, మార్చలేదు. పేరు చెరిపేసినదాన్ని, దీంతో ఏం సాధించానని అడగకండి.

గడువు ముగియడానికి ఇంకా నాలుగు రోజులుండగా చోవా చూ కాంగ్‌లో ఒక చిన్న ఆఫీసులో పని దొరికింది. ఇంటర్వ్యూకి వేసుకున్న చొక్కా ఇస్త్రీ చేసింది అంకులే. నేను థాంక్స్ చెప్పలేదు. కొన్నాళ్ళకు గది మారాను, పెళ్ళయింది, పండగకో పబ్బానికో వెళ్ళి వచ్చేదాన్ని. ఆరేళ్ళ తరవాత ఆయన పోయారు. వాళ్ళ బ్లాకు కింద, కడసారి చూడ్డానికి వచ్చేవాళ్ళకు కుర్చీలు వేసి ఉన్నాయి. ఆంటీ నన్ను లోపలికి పిలిచి, ఆయనకు తొడగాల్సిన తెల్ల చొక్కా చేతిలో పెట్టింది. "నువ్వు సెయ్యి పాపా. ఎవళ్ళు సేసినా ఆయనకి నచ్చదు" అంది. ముందు కాలరు, తరవాత భుజాలు, తరవాత చేతులు, చివర వీపు. గీత తిన్నగా వచ్చింది. వెన్ను నిటారుగా ఉంచడం నేర్పిన మనిషి, అదే వెన్ను జీవితమంతా ఒకడి ముందు వంచి ఉంచాడని ఆ చొక్కా మీద కోపంగా ఏడ్చాను.

ఇప్పుడు నా కింద పద్నాలుగు మంది పనిచేస్తున్నారు. నేను చెప్పిన పనిలో తేడా వస్తే రిపోర్టులో ఉండేది నా పేరే. ఇది మంచితనం కాదు, భయం. ఇంకో ఇంట్లో ఇంకో ముసలావిడ నా గురించి మూత దభీమని పెట్టకూడదని భయం.

ఆదివారం ఆ వాసన లేచాక ఉండబట్టలేక లాప్‌టాప్‌లో జనరల్ పేరు కొట్టి చూశాను. నా పాత పేజీ ఎప్పుడో పోయింది. కానీ దాన్ని ఎవరో ఎత్తుకుని ఇంకో చోట పెట్టారు, అక్కడినుంచి ఇంకొకరు. ఇంగ్లీషు సొగసుగా దిద్దారు. జీవితం, సైనిక వృత్తి అని రెండు శీర్షికలు. గుర్రం, ఎడమ మోకాలు, అరంగుళం పొట్టి పంట్లాం కాలు అన్నీ ఉన్నాయి. పట్టీలు ఆరూ ఉన్నాయి, మలయా అడవి మొదట, ఎర్రది చివర. మావాడు బూట్ల పాలిష్ డబ్బా కోసం వచ్చి నా భుజం మీంచి చూశాడు. వాళ్ళకు క్యాంపులో ఇవన్నీ నేర్పుతారు కాబోలు, ఫక్కున నవ్వాడు.

"అమ్మా, దిస్ వన్ రివర్స్ లా. హోల్ థింగ్ రివర్స్. ఎవరు రాశారు ఇది?"

వాడి చేతిలో ఇంకా వేడిగా ఉన్న చొక్కా తీసుకుని తిరగేశాను. రొమ్ము మీద పేరు పట్టీ కుట్టిన చోట, లోపలివైపు దారాల మీద వాడి వేలు పెట్టించాను.

"బమ్మిడి కనకారావు," అన్నాను.